ఎఫ్-134 జీపు, కార్టర్ వైఎఫ్ కార్బరేటరు: అడుగు నుంచి పెట్రోలు కారుతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

విల్లీస్_నెల్లూరు • ఆదివారం, ఉదయం 8:40

సీజే-3బి. హరికేన్ ఎఫ్-134 ఇంజను, పైన కార్టర్ వైఎఫ్, రేకు ట్యాగు మీద 938 నంబరు. చాలాకాలం షెడ్డులో నిలబెట్టిన బండి. స్టార్టయిన రెండు మూడు నిమిషాలకే కార్బరేటరు అడుగున ఫ్లాంజి (ఇంజనుకు బిగించే అంచు) దగ్గర తడి కనిపిస్తోంది. బటర్‌ఫ్లై స్పిండిలు (గాలిదారి రేకు తిరిగే ఇరుసు) రెండు కొసల దగ్గరా పెట్రోలు ఊరి బొట్లు బొట్లుగా రాలుతోంది. ఐడిల్‌లో (యాక్సిలరేటరు తొక్కకుండా నడిచేటప్పుడు) నల్లపొగ, స్పార్క్ ప్లగ్గులు మసిబట్టాయి. పెట్రోలు పంపు కొత్తది, లోకల్ మేక్. ఫ్లాంజి ప్యాకింగు పోయిందని, లేదంటే మొత్తం తీసేసి సోలెక్స్ కార్బరేటరు పెట్టేద్దామని మెకానిక్ సలహా. విప్పే ముందు ఏమేం చూసుకోవాలి?

హరికేన్134 • ఆదివారం, ఉదయం 9:25

ముందు ఇంజను ఆపి బ్యాటరీ టెర్మినల్ ఊడదీయండి. ఆ బొట్లు పడేది ఎగ్జాస్టు మానిఫోల్డు ఉన్న వైపుకే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, మూసిన షెడ్డులో నేలబారున పరుచుకుంటుంది. బండిని ఆరుబయటికి తోసి, డ్రై పౌడరు సిలిండరు చేతికందేలా పెట్టుకుని పని మొదలుపెట్టండి. లోపలికి చూడ్డానికి ఎల్ఈడీ టార్చి వాడండి. వైరు కట్టిన హ్యాండ్ ల్యాంపు వద్దు, బల్బు పగిలితే అదే చాలు.

ఇక అసలు సంగతి. బొట్టు రాలే చోటు వేరు, లీకు చోటు వేరు. ఫ్లాంజి ప్యాకింగు ఉన్నది బయటిగాలి లోపలికి రాకుండా ఆపడానికి. ఇంజను సవ్యంగా నడుస్తుంటే అక్కడ ద్రవంగా పోగుపడేంత పెట్రోలే ఉండదు. ఫ్లాంజి తడిసిందంటే పైనుంచి గొంతులోకి (కార్బరేటరులో గాలి పోయే దారిలోకి) పెట్రోలు ధారగా దిగుతున్నట్టే. అరిగిన స్పిండిలు సందులోంచి అది బయటపడుతోంది. మీరు చెప్పిన నల్లపొగ కూడా ఈ మాటకే సాక్ష్యం. ప్యాకింగు మారిస్తే తడి ఇంకో దారి వెతుక్కుంటుంది, అంతే.

కాబట్టి ఎక్కడ కారుతోందనే దానికంటే ఎప్పుడు కారుతోందో ముందు తేల్చుకోండి. జీపులో ట్యాంకు సీటు కింద, కార్బరేటరు కంటే దిగువన ఉంటుంది. ఇంజను ఆగితే పెట్రోలు తనంతట తాను పైకెక్కదు. అందుకని:

ఇంజను నడుస్తుండగా మాత్రమే కారి, ఆపిన కాసేపటికి ఆగిపోతే నీడిల్ వాల్వు (బౌలు, అంటే కార్బరేటరు గిన్నెలోకి వచ్చే పెట్రోలును ఆపే సూది), ఫ్లోటు (పెట్రోలు మీద తేలుతూ ఆ సూదిని మూసే డబ్బా), పంపు ప్రెషరు, ఈ మూడింటిలో ఒకటి. ఆపాక కూడా చాలాసేపు ఊరుతూ, బౌలు ఖాళీ అయ్యేదాకా ఆగకపోతే బౌలు పోతలోనే (మూసలో పోసిన లోహంలోనే) పగులు గానీ, దాని రంధ్రం మూసే ప్లగ్గు వదులవడం గానీ ఉంటుంది. నడిచేటప్పుడు పొడిగా ఉండి, వేడి ఇంజను ఆపిన అయిదు పది నిమిషాలకు గొంతులో బొట్లు పడితే బౌలులో పెట్రోలు మరిగి పొంగుతోందని అర్థం. దానికి కిట్టు (మార్చే విడిభాగాల సెట్టు) వేయిస్తే డబ్బు దండగ.

ఎయిర్ క్లీనరు గొట్టం తీసి, చోకు పూర్తిగా తెరిచి, ఐడిల్‌లో గొంతులోకి పక్కనుంచి టార్చి వేసి చూడండి. మొహం గొంతు మీదికి పెట్టకండి, బ్యాక్‌ఫైర్ కొట్టొచ్చు. ఐడిల్‌లో మెయిన్ నాజిల్ (గొంతులోకి పెట్రోలు వదిలే గొట్టం) పొడిగా ఉండాలి. దాని మూతి నుంచి బొట్లు పడుతుంటే బౌలు లెవెలు ఎక్కువైనట్టే.

గ్యారేజ్_బెజవాడ • ఆదివారం, ఉదయం 10:10

పై మాటకి ఒక్కటి కలుపుతానండి. చూసే ముందు కార్బరేటరు బయటంతా బ్రష్షుతో కడిగి ఆరబెట్టండి. ఆరాక చల్లటి ఇంజను మీదే సుద్దపొడి పల్చగా చల్లండి. స్టార్ట్ చేస్తే మొదట తడిసే చోట పొడి రంగు మారుతుంది. పైమూత అంచు, ఇన్‌లెట్ పైపు నట్టు, స్పిండిలు కొసలు, ఈ మూడూ కళ్ళ ముందుంచుకోండి. ఇన్‌లెట్ నట్టు దగ్గర కారే పెట్రోలు పోత మీదుగా పాకి అడుగునే బొట్టు కడుతుంది, చూసేవాడికి అంతా కిందనుంచే వస్తున్నట్టుంటుంది. పొడి గొంతులోకి పోకుండా ఎయిర్ క్లీనరు బిగించే ఉంచండి.

ఆయిలు పుల్ల తీసి వాసన చూశారా? గొంతులో అంత పెట్రోలు దిగితే సంపులోకీ (ఇంజను అడుగున ఆయిలు తొట్టిలోకీ) చేరుతుంది. లెవెలు పెరిగినా, ఆయిలు నీళ్ళలా జారినా మార్చేదాకా ఇంజను తిప్పకండి, బేరింగులు పోతాయి. ఫిల్టరు లేకుండా దాదాపు 3.8 లీటర్లు, ఫిల్టరుతో 4.7 పడుతుంది. లీకు బాగయ్యాక మార్చండి, ముందే మారిస్తే మళ్ళీ మార్చాలి.

ఓరుగల్లు_డీజిల్‌కాదు • ఆదివారం, మధ్యాహ్నం 12:05

అన్నా, కొత్త పంపు అన్నవ్ చూడు, నా అనుమానం గదే. ముందు ప్రెషరు చూడు, కిట్టు సంగతి తర్వాత. ఈ ఇంజనుకు 2.5 నుంచి 3.75 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకనే ఉండాలె. మార్కెట్ల దొరికే డూప్లికేట్ పంపులల్ల స్ప్రింగు గట్టిగుంటది, 5, 6 దాటుతది. అంత ప్రెషరుకు కొత్త నీడిల్ అయినా ఆగదు.

పంపుకు, కార్బరేటరుకు నడుమ టీ (మూడు మూతుల జాయింటు) పెట్టి 0–10 పీఎస్ఐ గేజి బిగించు. టైర్ల గాలి చూసే గేజి పనికిరాదు, దాంట్ల ఇంత చిన్న ప్రెషరు కనపడదు. క్లిప్పులు గట్టిగ బిగించు, గేజి పైపు ఫ్యానుకు తగలకుండ కట్టు.

నీడిల్‌సీటు • ఆదివారం, మధ్యాహ్నం 2:30

ప్రెషరు చూసేలోగా పైమూత విప్పితే ఏం చూడాలో రాసి పెడుతున్నాను. మూత ఎత్తేటప్పుడు చోకు లింకు, థ్రాటిల్ లింకు ఎలా ఉన్నాయో ఫోటో తీసుకోండి. పాత ప్యాకింగు అంటుకుంటే స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తొద్దు, జింకు పోత మీద పడిన గాటే రేపటి లీకు.

ఫ్లోటు: చెవి దగ్గర ఆడించండి, లోపల పెట్రోలు ఉంటే గలగలమంటుంది. చప్పుడు లేకపోయినా వదలొద్దు. పొయ్యి మీంచి దించిన వేడినీళ్ళలో చిమటాతో ముంచి పట్టుకోండి. చిల్లుంటే సన్నటి బుడగల వరస వస్తుంది. పెట్రోలు చేరిన ఇత్తడి ఫ్లోటు మీద మంట పెట్టడమంటే బాంబు వెలిగించడమే. చిల్లును పైకి కాక కిందికి తిప్పి వేడినీళ్ళలోనే ఉంచితే లోపలి పెట్రోలు ఆవిరి ఒత్తిడికి బయటికొస్తుంది. ఇదీ ఆరుబయటే, దగ్గర్లో పొయ్యి లేకుండా. పూర్తిగా ఆరాక ఎలక్ట్రిక్ కావియాతో టంకం వేయాలి. లోపలి గాలి వేడెక్కి టంకాన్ని బయటికి తంతుంటే ఇంకో సన్న రంధ్రం చేసి, మొదటిది మూసి, ఫ్లోటు చల్లారాక రెండోది ఒక్క చుక్కతో మూయండి. టంకం ముద్దలు పేర్చితే బరువు పెరిగి ఫ్లోటు కిందికి దిగుతుంది, లెవెలు పెరుగుతుంది. కొత్త ఫ్లోటు దొరికితే ఈ తంటా అక్కర్లేదు.

నీడిల్: మొన భూతద్దంలో చూడండి. కోను చుట్టూ మెరిసే గీతలా గాడి పడితే మార్చాల్సిందే. గ్రైండింగు పేస్టు పెట్టి సీటుకు నూరే అలవాటు కొందరిది. దానివల్ల గాడి వెడల్పై ఇంకా ఎక్కువ కారుతుంది. సుత్తితో తట్టి కూర్చోబెట్టడమూ అంతే. నీడిల్, సీటు ఎప్పుడూ జతగానే మార్చాలి. మొనకు విటాన్ రబ్బరు ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, చిన్న నలుసు పడినా మూసుకుంటుంది.

చాలామంది మర్చిపోయేది సీటు కింద వాషరు. అది నలిగినా, అసలు లేకపోయినా పెట్రోలు నీడిల్‌ను దాటకుండా మరల చుట్టూ తిరిగి బౌలులోకి పోతుంది. ఎన్ని నీడిళ్ళు మార్చినా లెవెలు పొంగుతూనే ఉంటుంది.

పరీక్ష: మూత తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోటు బరువుకే నీడిల్ మూసుకోవాలి. ఇన్‌లెట్‌కు చేతి పంపు తగిలించి 3 పీఎస్ఐ పెట్టండి. ఒక నిమిషం గేజి ముల్లు నిలిస్తే సరే. నోటితో ఊదొద్దు, పీల్చొద్దు.

విల్లీస్_నెల్లూరు • సోమవారం, సాయంత్రం 7:15

అందరికీ ధన్యవాదాలండి. ఫలితాలు: ఐడిల్‌లో నాజిల్ నుంచి బొట్లు పడుతున్నాయి. ఆపిన నిమిషంలోపు ఆగిపోతున్నాయి. గేజిలో 6 పీఎస్ఐ. ఫ్లోటు వేడినీళ్ళలో బుడగ లేదు. నీడిల్ మొన మీద గాడి స్పష్టంగా ఉంది. సీటు కింద వాషరు పల్చబడిపోయింది. ఆయిలు లెవెలు పైగీత దాటింది.

పంపు కింద రెండు ప్యాకింగులు వేస్తే ప్రెషరు తగ్గుతుందంటున్నారు. నిజమా?

హరికేన్134 • సోమవారం, రాత్రి 8:00

నాకు నమ్మకం లేదు. ప్రెషరు పుట్టించేది డయాఫ్రం (పంపులోని సాగే పొర) కింద స్ప్రింగు. క్యాము కొట్టే ఆర్ము దాన్ని కిందికి లాగుతుందంతే. ప్యాకింగు వేస్తే తగ్గేది స్ట్రోకు, అంటే పారే పరిమాణం.

ఓరుగల్లు_డీజిల్‌కాదు • సోమవారం, రాత్రి 8:35

సగమే కరెక్టన్నా. నీడిల్ మూసుకున్నంక పెట్రోలు కదలదు గద, డయాఫ్రం కిందికి లాగిన జాగల్నే ఆగి ఉంటది. అప్పుడు స్ప్రింగు ఎంత నొక్కుకొని ఉన్నదో అంతే ప్రెషరు. స్ట్రోకు తగ్గితే స్ప్రింగు తక్కువ నొక్కుకుంటది, ప్రెషరు కూడ దిగుతది. కని 6 నుంచి 3కు దింపాలంటే అయ్యే పని కాదు. ప్యాకింగు మరీ మందమైతే ఆర్ము క్యామును సరిగ్గ అందుకోదు, గుట్ట ఎక్కేటప్పుడు పెట్రోలు చాలదు.

హరికేన్134 • సోమవారం, రాత్రి 8:50

ఒప్పుకుంటున్నాను, మూసుకున్న స్థితిలో మీ లెక్కే సరి. అయితే విల్లీస్ గారికి దారి మాత్రం మారదు: పాత పంపు బాడీ ఉంటే దానికే డయాఫ్రం కిట్టు వేసి, పాత స్ప్రింగే వాడండి. కొత్త డయాఫ్రం బిగించేటప్పుడు ఆర్మును పూర్తి స్ట్రోకు దాకా నొక్కి పట్టుకుని, అప్పుడు స్క్రూలు బిగించాలి. లేకపోతే డయాఫ్రం బిగుతుగా నిలిచి త్వరగా చిరుగుతుంది. పాత బాడీ లేకపోతే 2.5 పీఎస్ఐ దగ్గర పెట్టిన రెగ్యులేటరు, దాని ముందు ఫిల్టరు.

కొందరు మెకానికల్ పంపు పీకేసి ఎలక్ట్రిక్ పంపు పెడతారు. అది పెడితే ఆయిలు ప్రెషరు స్విచ్చి ద్వారానే కరెంటు ఇవ్వాలి. లేదంటే ఇంజను ఆగినా కీ ఆన్‌లో ఉన్నంతసేపూ పంపు నెడుతూనే ఉంటుంది. నీడిల్ కింద నలుసు పడిందా, సిలిండర్లోకి నేరుగా పెట్రోలు. అలా నిండిన ఇంజనుకు సెల్ఫు కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అనుమానం ఉంటే ప్లగ్గులన్నీ విప్పి, ప్లగ్గు వైర్లు దూరంగా పెట్టి, హ్యాండిలుతో తిప్పి ఖాళీ చేయండి.

నీడిల్‌సీటు • సోమవారం, రాత్రి 9:20

ఫ్లోటు లెవెలు కొత్త నీడిల్, సీటు, వాషరు బిగించాకే పెట్టాలి. వాషరు మందం మారితే లెవెలు మారుతుంది. 938కి కొలత 5/16 అంగుళం, అంటే దాదాపు 7.9 మి.మీ. మూత తలకిందులు, ప్యాకింగు తీసేసి, ఫ్లోటు తన బరువుతోనే వాలి ఉండగా, మూత చదును నుంచి ఫ్లోటు దాకా కొలవాలి. 8 మి.మీ. డ్రిల్లు బిట్టు వెనక భాగం గేజిలా సరిపోతుంది. వేరే నంబరు వైఎఫ్ అయితే కొలత మారుతుంది, ట్యాగు చూడకుండా ఈ అంకె వాడొద్దు. యుద్ధకాలం జీపులు, సీజే-2ఏ మీదుండే కార్టర్ డబ్ల్యూవోకి 3/8 అంగుళం.

సరిచేయడానికి నీడిల్ వెనక ఆనే చిన్న నాలుకను మాత్రమే వంచండి. వంచేటప్పుడు ఫ్లోటును కిందికి అదమొద్దు, విటాన్ మొన మీద గుంట పడుతుంది. ఫ్లోటు ఎత్తి పట్టుకుని సన్న ప్లయరుతో వంచి, వదిలి, మళ్ళీ కొలవండి. ఖాళీ పెంచితే లెవెలు తగ్గుతుంది. తలకిందులుగా కొలుస్తున్నాం కాబట్టి ఇక్కడే తికమక పడతారు.

మూత చదును కూడా చూడండి. మూలల స్క్రూలు అతిగా బిగించడంతో మూత విల్లులా వంగుతుంది. అద్దం పలక మీద పెట్టి అంచున 0.1 మి.మీ. ఫీలరు (సందు కొలిచే సన్న రేకు) దూరుతుందేమో చూడండి. దూరితే అద్దం మీద 400 నంబరు గరుకు పేపరు పరిచి, కిరోసిన్ వేసి, ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా రుద్దండి. ఆఖరున 600. రెండు ప్యాకింగులు వేసి వంకర కప్పిపుచ్చొద్దు. సిలికాన్ సీలెంటు అసలే వద్దు, పెట్రోలుకు ఉబ్బి ఊడి జెట్టులోకి పోతుంది.

గ్యారేజ్_బెజవాడ • సోమవారం, రాత్రి 10:05

వైఎఫ్‌లో ఇంకో దొంగ ఉన్నాడండి, యాక్సిలరేటరు పంపు డయాఫ్రం. దాని కింది గదికి మానిఫోల్డు వ్యాక్యూమ్ (ఇంజను పీల్చే లాగుడు) అందుతుంది. అది చిరిగితే బౌలులోని పెట్రోలును ఇంజనే పీల్చేసుకుంటుంది. బయట ఒక్క బొట్టూ కనిపించదు, ఐడిల్ స్క్రూ ఎంత తిప్పినా నల్లపొగ తగ్గదు. ఎలాగూ మూత విప్పారు కాబట్టి నాలుగు స్క్రూలు తీసి అదీ చూడండి. వెలుతురుకి పట్టి సాగదీస్తే సన్న చీలికలు కనిపిస్తాయి. తిరిగి పెట్టాక మీటరింగ్ రాడ్డు (జెట్టులో కదిలి పెట్రోలు పారకాన్ని కొలిచే పుల్ల) సెట్టింగు మళ్ళీ చేసుకోవాలి, మర్చిపోతే పికప్ ఉండదు.

కడగడానికి కార్బరేటరు క్లీనరు, మెత్తటి బ్రష్షు, గాలి చాలు. కొన్నిచోట్ల కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడకబెడతారు. ఆ పోత జింకు మిశ్రమం, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. పైకి తెల్లగా మెరిసి, ప్లగ్గుల చుట్టూ సన్నసన్న చిల్లులు పడతాయి. అక్కడి నుంచి కొత్త లీకులు.

బుల్లెట్_కడప • మంగళవారం, ఉదయం 7:50

మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దన్నా. పాత బుల్లెట్, అమాల్ మోనోబ్లాక్ కార్బరేటరు. రాత్రి నిలబెడితే పొద్దునకి కింద తడి. ఇదే పద్ధతా?

హరికేన్134 • మంగళవారం, ఉదయం 8:30

మీ లెక్క వేరు తమ్ముడూ. ట్యాంకు పైన ఉంది కాబట్టి పెట్రోలు దిగుతూనే ఉంటుంది. రెండు లోపాలు కలిస్తేనే రాత్రి కారుతుంది: ట్యాప్ పూర్తిగా మూయట్లేదు, నీడిల్ కూడా పట్టట్లేదు. ట్యాప్ మూసి, కార్బరేటరు వైపు పైపు ఊడదీసి గాజుసీసాలో పెట్టి ఉంచండి. సీసాలో పెట్రోలు చేరితే ముందు ట్యాప్ కార్కు మార్చండి. ఎండిన కార్కు కొన్నాళ్ళు పెట్రోలులో నానితే ఉబ్బి పట్టొచ్చు, కానీ దాన్ని నమ్ముకోవద్దు.

తర్వాత టిక్లరు (ఫ్లోటును వేలితో కిందికి నొక్కే బటను) చూడండి. దాని స్ప్రింగు బిగుసుకుపోయి పుల్ల కిందే నిలిస్తే ఫ్లోటును నొక్కుతూనే ఉంటుంది, ఇక నీడిల్ మూసుకునే దారే లేదు. పక్క మూతకు మూడు స్క్రూలే, ప్యాకింగు సరిగా కూర్చోకపోతే అక్కడే ఊరుతుంది. చూసేటప్పుడు బండి సెంటర్ స్టాండు మీద ఉండాలి, వాలితే లెవెలు మారుతుంది.

డల్లాస్_సీజే2ఏ • మంగళవారం, ఉదయం 9:45

ఇక్కడ వైఎఫ్, డబ్ల్యూవో రెండింటికీ కిట్లు తేలిగ్గా దొరుకుతాయి. ఆర్డరు చేసేటప్పుడు జీపు మోడలు కాదు, ట్యాగు నంబరు ఇవ్వండి. ఇథనాలుకు తట్టుకునే రబ్బరని రాసి ఉన్నదే తీసుకోండి. ఏళ్ళ తరబడి డబ్బాలో ఉన్న "ఒరిజినల్" కిట్టు మీద మోజు పడొద్దు. దాని డయాఫ్రం, తోలు భాగాలు మన ఇప్పటి పెట్రోలు కోసం చేసినవి కావు.

నీడిల్‌సీటు • మంగళవారం, మధ్యాహ్నం 1:10

మన దగ్గర ఈ20 (20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు) వచ్చాక ఇది అందరి సమస్య. ఇథనాలు పాత నైట్రైలు రబ్బరును, మామూలు గొట్టాలను మెత్తబరుస్తుంది. షెల్లాక్ పూసిన పాత కార్కు ఫ్లోట్ల పూత కరిగిస్తుంది. గాలిలో తేమ పీల్చి, నిలబెట్టిన బండిలో నీటిపొర అడుక్కి దిగి జింకును తెల్లగా పొడిపొడి చేస్తుంది. ట్యాంకులో ఏళ్ళ నాటి జిగురునూ, తుప్పునూ కదిలిస్తుంది, ఆ నలుసే నీడిల్ కింద చేరుతుంది. నిన్నటిదాకా కారని బండి హఠాత్తుగా కారడం మొదలైతే నేను ముందు ఫిల్టరు కోసి చూస్తాను. గొట్టం మీద "ఎస్ఏఈ జే30 ఆర్9" అని అచ్చు ఉన్న రకం వేయండి, దాని లోపొర ఇథనాలుకు ఆగుతుంది.

విల్లీస్_నెల్లూరు • శనివారం, సాయంత్రం 5:30

పంపు పాత బాడీకే కిట్టు వేశాం, గేజి 3.25 చూపిస్తోంది. నీడిల్, సీటు, వాషరు, యాక్సిలరేటరు పంపు డయాఫ్రం కొత్తవి. లెవెలు 5/16. ఆయిలు, ఫిల్టరు మార్చాం. ఐడిల్‌లో నాజిల్ పొడి, పొగ లేదు, ఫ్లాంజి పొడి.

ఒక్కటి మిగిలింది. ఎండలో అరగంట తిరిగి ఆపితే, పది నిమిషాలకు గొంతులో రెండు మూడు బొట్లు. మళ్ళీ స్టార్ట్ చేయాలంటే ఎక్కువసేపు తిప్పాలి.

గ్యారేజ్_బెజవాడ • శనివారం, సాయంత్రం 6:20

అది లీకు కాదండి, మరుగు. రెంటచింతల, రామగుండం ఎండలకి ఏ పాత బండైనా చేస్తుంది. కార్బరేటరు కింద 6 మి.మీ. బేకలైట్ స్పేసరు, పైన ఒకటి కింద ఒకటి పల్చటి ప్యాకింగు వేయండి. స్టడ్లు పొడుగు చాలుతాయో లేదో ముందే చూసుకోండి, నట్టు పూర్తి మర ఎక్కాలి. లింకు పొడవు కూడా సరిచేయాలి, లేకపోతే థ్రాటిలు పూర్తిగా తెరుచుకోదు. పెట్రోలు పైపు ఎగ్జాస్టుకు దగ్గరగా పోతుంటే దూరంగా వంచండి, చేతనైతే మధ్యలో రేకు అడ్డం పెట్టండి.

వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసే పద్ధతి: చోకు వద్దు, యాక్సిలరేటరు పదేపదే తొక్కొద్దు. తొక్కిన ప్రతిసారీ పంపు ఇంకాస్త పోస్తుంది. పెడలు నేలదాకా నొక్కి పట్టుకుని సెల్ఫు కొట్టండి, అంటుకోగానే మెల్లగా వదలండి.

ఓరుగల్లు_డీజిల్‌కాదు • శనివారం, రాత్రి 7:05

స్పిండిలు బుష్షులు కూడ వేయించు అన్నా. పెట్రోలు ఆగింది కని ఆ సందుల నుంచి ఇప్పుడు గాలి లోపలికి పోతది, ఐడిల్ నిలబడదు. లేతు మీద రెండు దిక్కులా ఒకే వరుసల రీమరు కొట్టి ఇత్తడి బుష్షు దింపాలె. బటర్‌ఫ్లై స్క్రూలు విప్పేముందు చూడు, వాటి వెనక కొసలు నలగ్గొట్టి ఉంటయి, అవి అరగదీయి, లేకుంటే స్పిండిలు మర పోతది. తిరిగి పెట్టినంక కొత్త స్క్రూలు వేసి కొసలు మళ్ళ నలగ్గొట్టు, ఊడితే సీదా సిలిండర్ల పడ్తయి.

విల్లీస్_నెల్లూరు • శనివారం, రాత్రి 7:40

స్పిండిలు ఆట ఎంతవరకు ఉండొచ్చన్నా?

ఓరుగల్లు_డీజిల్‌కాదు • శనివారం, రాత్రి 8:15

చేత్తోని పైకి కిందికి ఆడిస్తే కంటికి కనపడుతుందంటే ఎక్కువే. ఐడిల్‌ల ఉన్నప్పుడు కొసల మీద ఒక్కొక్క చుక్క ఇంజనాయిలు పెట్టి చూడు. ఆర్పీఎం మారితే బుష్షు వేయాలె, మారకుంటే ఇంకొన్ని రోజులు నడుపుకో.